మరతో చెప్పుకొన్న మాట

అమెరికా దేశమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఆచార్యుడుగా నుండిన జోసెఫ్ వైజెన్‌బామ్, 1966వ సంవత్సరమున ‘ఎలైజా’ యను కంప్యూటరు ప్రోగ్రామును లోకమునకు వెల్లడించెను. రోగి పలికిన మాటనే త్రిప్పి ప్రశ్నగా మార్చి మరల రోగినే అడుగు ఒక తెగ మనోవైద్యుల ధోరణిని అనుకరించుట తప్ప దానికి వేఱు విద్య తెలియదు; తండ్రితో నాకు పడదని టైపు చేసినచో, మీ కుటుంబమును గూర్చి యింకను చెప్పుడని బదులు పలుకును. ఆ ప్రోగ్రామును ఆయన నెలల తరబడి వ్రాయుచుండగా కన్నులార చూచిన కార్యదర్శిని, అందు మనస్సనునది లేదని ఎఱిగియుండియు, ఒకనాడు దాని యెదుట కూర్చుండి రెండు మూడు మాటలాడినదో లేదో, వెనుదిరిగి, తాము కొంచెముసేపు గది వెలుపలకు దయచేయవలసినదని ఆచార్యుని కోరెనట! మఱియొకసారి, ఎవరెవరు దానితో ఏమేమి మాటలాడుచున్నారో ఆ సంభాషణలన్నిటిని భద్రపఱచి తీరికగా చదివి చూతునని ఆయన అనగా, మా అంతరంగములను దొంగచాటుగా చదువ జూతురా యని అందఱును ఆయనపై విరుచుకొని పడిరట. ఈ రెండు ముచ్చటలను ఆయనయే 1976లో వెలువరించిన తన గ్రంథమున చెప్పుకొనెను.

మనుష్యుడు యంత్రమునందు మనస్సు నారోపించి యెట్లు భ్రమపడునో చూపుటకు పండితులు మొదటి ముచ్చటను తఱచుగా ఉదాహరింతురు. నాకు మాత్రము ఆ కార్యదర్శినియందు భ్రమ కంటె వివేకమే హెచ్చుగా కనబడుచున్నది. యంత్రమునకు చెప్పుకొనుటకు ఆమె వెఱువలేదు. యంత్రము వెనుక నిలిచి చదువు మనుష్యునకు వెఱచెను. తాను చెప్పదలచిన మాట ఏ చెవికై ఉద్దేశింపబడినదో ఆ చెవినే చేరవలెను గాని, దారిలో మఱియొకరు దానిని అందుకొనరాదను ఆ కోరికలోనే వ్యక్తిగత గోప్యత యనునది సమస్తమును ఇమిడియున్నది. అటుపిమ్మట అరువది సంవత్సరములు గడచినవి. యంత్రమునకు మాటలు బాగుగా వచ్చినవి, తెలుగును వచ్చినది. ఆ ఆచార్యుడు మాత్రము గది విడిచి పోలేదు. కనబడకుండ కూర్చుండుట నేర్చుకొనెను, అంతియే.

నేడు మనవారు కృత్రిమమేధా యంత్రములతో చెప్పుకొనని మాట యేది? వియ్యాలవారి మాటతీరునకు నొచ్చుకొన్న తల్లి, బదులుగా ఏమని వ్రాయవలెనో దానిని అడుగుచున్నది. వకీలు నోటీసందుకొన్న గృహస్థు, తన వకీలు కంటె ముందు దానికి చూపుచున్నాడు. పిల్ల జాతకమును, అబ్బాయి జీతపు చీటిని ప్రక్కప్రక్కన పెట్టి, ఈ సంబంధము చేయదగునా యని సంప్రదించు మేనమామలును గలరు. రాత్రి రెండు గంటలకు నిదురపట్టని విద్యార్థి, కన్నతల్లితో చెప్పుకొనని దిగులును దానితో చెప్పుకొనుచున్నాడు. టైపు చేయుట చేతగాని వృద్ధులు నోటితోనే చెప్పుచున్నారు గనుక, మాటతోపాటు వారి కంఠస్వరమును అచ్చటికే చేరుచున్నది. యంత్రము నవ్వదు, విసుగుకొనదు, ప్రక్కింటికి పోయి చెప్పదు. ఇన్ని సుగుణములు గల శ్రోత బంధువర్గమున దొరకుట కష్టమే గదా! నేను వీరిని ఆక్షేపించుట లేదు. చెప్పుకొనుటకు మనిషి దొరకనిచోట మర యైనను దొరకుట ఒక ఉపకారమే. ఆ ఉపకారమునకు మూల్యమును ఏ రూపమున చెల్లించుచున్నామో తెలిసికొని చెల్లింపవలెననుటయే నా మనవి.

మా ప్రక్కవాటాలో కాపురమున్న యువకుడొకడు తన తండ్రి రక్తపరీక్షల కాగితమును సెల్‌ఫోనుతో ఫోటో తీసి, అట్టి యంత్రమొకదానికి పంపి, అది చెప్పిన యర్థమును నాకు చదివి వినిపించెను. వివరణము బాగుగనే యున్నది. అయినను ఆ కాగితముపై తండ్రి పేరును, వయస్సును, ఫోను నంబరును, ఆసుపత్రివారి రిజిస్ట్రేషను సంఖ్యయు నున్నవి గదా, వానిని కూడ ఏల పంపితివని నేను అడుగగా, ‘అందులో దాచుకోవలసిందేముంది మాస్టారూ? ఈ రోజుల్లో షుగరు లేని ఇల్లేది?’ అని నవ్వెను. షుగరును గూర్చి అతడు చెప్పినది నిజమే. కాని గోప్యత యనగా దోషమును దాచుకొనుట యను ఆ తలంపు నాకు రుచింపదు. గుట్టుగా సంసారము నడుపుకొనువారిని మన పెద్దలు గౌరవించిరే గాని, వారియింట ఏదో లోపమున్నదని శంకింపలేదు. చెప్పదగినవారికి చెప్పదగినంతయే చెప్పుకొను స్వాతంత్ర్యము నిర్దోషికిని కావలసినదే. ఆ మాటకు వచ్చినచో దోషి కంటె అతనికే హెచ్చుగా కావలెను, ఏలయన జాగ్రత్తపడుట అతడు నేర్చియుండడు.

పూర్వము మన పల్లెలలో గోప్యత యెక్కడిదని యడుగువారు కలరు. ఉమ్మడి కుటుంబములు, కలిసిన గోడలు, నూతిగట్టు కబుర్లు. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవుట అరుదనుట సత్యమే. కాని ఆ తెలియుటలోనే ఒక ఏర్పాటుండెను. ఎవని పొలము ఎవనికి తాకట్టున్నదో కరణమునకు తెలియును. ఏ పిల్ల జాతకమున ఏ దోషమున్నదో పురోహితునకు తెలియును. ఏ యింట ఎవరికి మూర్ఛలు వచ్చుచున్నవో వైద్యునకు తెలియును. ఏ నెలలో ఎవరు బియ్యము అప్పు తెచ్చుకొనిరో షావుకారునకు తెలియును. ఆ నలుగురును ప్రతిదినము సాయంకాలము రచ్చబండపై చేరి తమ తమ పుస్తకములను కలిపి చదువుకొనియుండినచో, ఆ ఊరిలో ఒక్కనికైనను మానము దక్కెడిది కాదు. వారట్లు చేయలేదు, చేయదలచినను వారి జ్ఞాపకము చాలదు. పదియేండ్ల క్రిందటి అప్పును షావుకారు పుస్తకము మఱవకపోవచ్చును గాని ఊరు మఱచును. చిన్ననాట తప్పుదారి పట్టిన కుఱ్ఱవాడు నడివయస్సున పెద్దమనిషియై పదుగురికి తగవు తీర్చగలిగినది ఆ మఱపు దయవలననే. పైగా కరణము గుట్టు ఊరికిని తెలియును. అది చిన్న రక్షణ కాదు. నేటి యంత్రము కరణమును, పురోహితుడును, వైద్యుడును, షావుకారును తానొక్కటియే యై యున్నది. దానికి మఱపు లేదు. దాని గుట్టు మనకు తెలియదు. 2025 జనవరి మాసాంతమునుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేర వాట్సాప్ ద్వారముననే పౌరసేవలను అందించుచున్నది. ధ్రువపత్రమునకై కచేరీల చుట్టు తిరిగి చెప్పులరిగినవారికి అది వరమే, సందేహము లేదు. అయినను బంధువుల కబురును, కరెంటు బిల్లును, ప్రభుత్వ పత్రమును ఒకే కిటికీలో కనబడు కాలము వచ్చినప్పుడు, వానిని వేఱువేఱుగా నుంచవలసిన బాధ్యత వెనుకటి కంటె ఎన్నిరెట్లు పెరిగినదో పాలకులు గుర్తింపవలెను.

విడివిడిగా నున్నప్పుడు నిరపాయములుగ కనబడు వివరములు కలిసినప్పుడు ఏమగునో 1997లో లటాన్యా స్వీనీ యను విద్యార్థిని నిరూపించెను. మసాచుసెట్స్ రాష్ట్రోద్యోగుల వైద్యవృత్తాంతములను, పేర్లను చిరునామాలను తొలగించి, అచటి బీమా సంఘమువారు పరిశోధకుల ఉపయోగార్థము ఇచ్చియుండిరి; పేరులేదు గనుక భయము లేదని ఆ రాష్ట్ర గవర్నరు విలియమ్ వెల్డ్ ప్రజలకు అభయమిచ్చియుండెను. ఆ విద్యార్థిని కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితాను ఇరువది డాలర్లకు కొని, రెండింటియందును సమానముగనున్న జన్మదినము, పోస్టల్ కోడు, స్త్రీపురుష భేదము అను మూడు అంశములను పోల్చి చూడగా, ఆ అనామక పత్రములలో సాక్షాత్తు గవర్నరుగారి వైద్యవృత్తాంతమే ఆమె చేజిక్కెను! అభయమిచ్చినవాడే మొదట బయటపడెను. ఆ మూడంశములు చాలును, అమెరికన్లలో నూటికి 87 మందిని ఒక్కొక్కరినిగా గుర్తింపవచ్చునని ఆమె పిదప లెక్కకట్టెను. మన దేశమున పుట్టినతేదీని, పిన్ కోడును అడుగని దరఖాస్తు ఏది? చీరల దుకాణపు లక్కీడ్రా చీటీపై కూడ అడుగుచున్నారు. మనమును ఒక స్టీలు బిందె ఆశకు నింపి యిచ్చుచున్నాము.

ఇక జ్ఞాపకము సంగతి. ఈ యంత్రములు గ్రంథములను, వార్తలను, జనులు ఇంటర్నెట్టులో వ్రాసికొన్న వ్రాతలను అపారముగ చదివి, ఏ పదము తరువాత ఏ పదము వచ్చునో అభ్యసించి మాట నేర్చినవి. చదివినది ఒకచోట పుటలుగా దాచబడదు. కోటానుకోట్ల సంఖ్యల రూపమున అంతటను వ్యాపించియుండును. కావున ఎవరి సంగతియు యథాతథముగ బయటికి రాదని తలచినవారు కలరు. 2020లో నికొలస్ కార్లీనీ మొదలగు పరిశోధకులు ‘జీపీటీ-2’ అను నమూనాను ఉపాయముగ ప్రశ్నించి, అది అభ్యసించిన పాఠములలోని వందలాది భాగములను పొల్లుపోకుండ దానిచేతనే పలికించిరి. వానిలో మనుష్యుల పేర్లును, ఫోను నంబర్లును, ఈ-మెయిల్ చిరునామాలును ఉండెను. కొన్ని ఒకేయొక్క పత్రమున కనబడినట్టివి. అనగా వేయిసార్లు విన్నదానినే గాక, ఒక్కసారి విన్నదానిని సైతము అది వల్లెవేయవచ్చును. 2014లో ఐరోపా న్యాయస్థానము, స్పెయిన్ దేశపు పౌరుడొకడు గూగుల్‌తో నడపిన వ్యాజ్యమున, తన పాత సంగతులను శోధన ఫలితములనుండి తొలగింపుమని కోరు హక్కు మనుష్యునకు కలదని తీర్పు చెప్పినది. శోధన ఫలితమునుండి తొలగింపవచ్చును. పుస్తకమునుండి పుట చింపవచ్చును. సంఖ్యలలో కరగిన మాటను ఏ చేతితో పట్టి తీయుదురు? ఆ మాట లేకుండ పాఠమంతయు మొదటినుండి మరల చెప్పుట యొక్కటే నిస్సందేహమైన మార్గము. ఒక్క మనిషి కొఱకు అంత వ్యయమునకు పూనుకొను సంస్థ యుండునని నేను నమ్మను. యంత్రమునకు మఱపు నేర్పు విద్యను పరిశోధకులు సాధన చేయుచున్నారు గాని, అది యింకను పరిపక్వము కాలేదు.

శాస్త్రజ్ఞులు చేతులు కట్టుకొని కూర్చుండిరని యనజాలము. వారి ఉపాయములలో నాకు మిక్కిలి మనోహరముగ తోచినది 1965లో స్టాన్లీ వార్నర్ అను గణాంకశాస్త్రజ్ఞుడు కనిపెట్టినది. చెప్పుటకు సిగ్గుపడు సంగతిని జనులనడిగి, ఏ ఒక్కనిని బయటపెట్టకయే సత్యమును రాబట్టుట యెట్లు? ఆయన సూత్రమును నేటివారు నాణెముతో వివరింతురు. లంచమిచ్చితివా యని వేయిమందిని అడుగుదుము గాక. ప్రతివాడును చాటుగా నాణెమెగురవేయును. బొమ్మ పడినచో నిజము చెప్పును; బొరుసు పడినచో మరల ఎగురవేసి, బొమ్మకు అవునని, బొరుసుకు కాదని, నిజముతో నిమిత్తము లేకుండ పలుకును. 350 మంది అవుననిరనుకొందము. వారిలో రెండవ నాణెము పుణ్యమున అన్నవారు సుమారు 250 మంది. మిగిలిన 100 మంది, నిజము చెప్పవలసిన 500 మందిలోనివారు. కావున ఐదుగురిలో ఒకడు లంచమిచ్చినాడని లెక్క తేలును. ఊరి సత్యము తెలిసినది. ఏ యొక్కని సత్యమును తెలియలేదు. నీవు అవునంటివి గదా యని నిలదీసినచో, నాణెమట్లు పడినదండీ యని తప్పించుకొను దారి ప్రతివానికిని కలదు. ఇట్లు లెక్కలలో కొంత అసత్యమును తెలిసి తెలిసి కలిపి మనుష్యుని మఱుగుపఱచు నేర్పును 2006లో సింథియా డ్వర్క్, మక్‌షెర్రీ, నిస్సిమ్, స్మిత్ అను నలుగురు గణితబద్ధమైన సిద్ధాంతముగ రూపొందించిరి. ఒకని వివరము లెక్కలో నున్నను లేకున్నను ఫలితము ఇంచుమించు ఒకటిగనే యుండవలెననునది దాని సారము. అమెరికావారు తమ 2020 జనాభా లెక్కలను ప్రకటించునప్పుడు దీనినే వినియోగించిరి. మానభంగము వాటిల్లు వేళ బొంకినను దోషము లేదని బలిచక్రవర్తికి బోధించిన శుక్రాచార్యులవారు ఈ గణితమును చూచియుండినచో ఎంత సంతసించెడివారో!

అయినను ఈ విద్య, మనిషి వేయిమందిలో ఒకడుగా నున్నప్పుడు పనికివచ్చునది. అర్ధరాత్రమున ఒంటరిగా కూర్చుండి తన వ్యాధిని, తన అప్పును, తన సంసారమును చెప్పుకొని సలహా కోరువాడు నాణెమెగురవేసి అబద్ధమాడిన ప్రయోజనమేమి? అచ్చట సత్యమే చెప్పవలెను. చెప్పిన సత్యము విన్నవాని వద్దనే నిలువవలెను. మాట ఫోను దాటిపోకుండ ఫోనులోనే పనిచేయు చిన్న నమూనాలు వచ్చినవి. అది మేలైన మార్గమే. కాని పెద్ద విద్యలన్నియు ఇప్పటికిని ఎచ్చటనో దూరముననున్న డేటా కేంద్రములయందే నడచుచున్నవి. కావున గణితము ఆగినచోట ధర్మము ఆరంభము కావలసియున్నది. విన్నవానికి విన్నమాటపై ఏపాటి హక్కు కలదు? నన్నడిగినచో, అసలు ప్రశ్న ఇదియే.

దీనికి ప్రత్యుత్తరము మన హైదరాబాదున పుట్టిన వ్యాజ్యమొకదానియందు కలదు. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టమునకు ఒక సవరణ చేసెను. దాని ప్రకారము, కలెక్టరు వ్రాతపూర్వకముగ అధికారమిచ్చిన ఏ మనిషియైనను బ్యాంకునకు పోయి అచటి పత్రములను తనిఖీ చేయవచ్చును. స్టాంపు సుంకము ఎగవేయువారిని పట్టుకొనుట దాని యుద్దేశము; ఉద్దేశము మంచిదే. హైకోర్టు ఆ సవరణను కొట్టివేయగా, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు కెనరా బ్యాంకుపై సుప్రీంకోర్టు వఱకు పోయి, 2004లో అచటను ఓడిరి. ఇట్టి చిక్కే 1976లో అమెరికా సుప్రీంకోర్టు ముందునకు రాగా, తన సంగతిని బ్యాంకునకు చెప్పుకొన్నవాడు అది ప్రభుత్వమునకు చేరు ప్రమాదమునకును సిద్ధపడినవాడే యని ఆ ధర్మాసనము తలచెను. మన న్యాయమూర్తులు ఆ త్రోవ తొక్కలేదు. గోప్యత స్థలమును ఆశ్రయించినది కాదు, వ్యక్తిని ఆశ్రయించినది. ఖాతాదారుడు తన యిష్టముతోనే పత్రమును బ్యాంకున నుంచినను, ఇల్లు వదలినంత మాత్రమున దానికి గోప్యత తొలగదని వారు నిర్ణయించిరి. 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు, పుట్టస్వామి వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ చాటిరి. దేశమంతయు చెప్పుకొన్న తీర్పు అది. నా మనస్సునకు మాత్రము ఎవరును తలపని ఈ స్టాంపుల వ్యాజ్యమే దగ్గర. ఇచ్చినంత మాత్రాన వదలుకొన్నట్లు కాదని, కృత్రిమమేధ యను మాట మన యిండ్లలో వినబడక మునుపే అది చెప్పియున్నది.

నిజమునకు ఈ బుద్ధి మనకు ఇంకను పాతది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఉపనిధి ప్రకరణమొకటి కలదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను పదుమూడవ శతాబ్దియందే మూలఘటిక కేతన తెనిగించెను. పెట్టెలోనుంచి, లోపల ఏమున్నదో చెప్పకయే, నమ్మకముతో ఒకని చేతికి అప్పగించు ద్రవ్యము ఉపనిధి. దానిని ఇచ్చినదిచ్చినట్లే తిరిగి యీయవలెను. తన యిచ్చవచ్చినట్లు దానిని వాడుకొని బ్రదుకువాడు దండనార్హుడు. అంతతో విడువక, దానివలన గడించిన లాభముతో కూడ చెల్లింపవలెనని స్మృతికారుడు విధించెను. వ్యాధి తెలిసికొనుటకై నేనిచ్చిన మాటతో ఒక సంస్థ తన యంత్రమునకు చదువు చెప్పించుకొని, ఆ చదువును లోకమునకు చందాపై అమ్ముకొనుట ఇంతకంటె భిన్నమైన పనియా? మీ యంగీకారముతోనే చేసితిమందురు. ఇంగ్లీషున వ్రాసిన పొడుగాటి నిబంధనలను కంటియెదుట దొర్లించి ‘సరే’ యను బొత్తాము నొక్కించుకొనుటను, వలదనువాడు సెట్టింగుల అడుగున ఎచ్చటనో దాగియున్న మీటను వెదకి ఆర్పుకొనవలెననుటను అంగీకారమని పిలుచుటకు నా మనస్సొప్పదు.

2023 ఆగస్టులో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము చేసెను. చెప్పిన పనికి కావలసినంత వివరమునే తీసికొనవలెననియు, అంగీకారమిచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుటయు అంత సులభముగ నుండవలెననియు అందు కలదు. ఇవి మంచి మాటలు. ఇచ్చట ఒక చమత్కారము చూడుడు. రాజు లాగుకొన్నను, దైవవశమున నశించినను, దొంగలెత్తుకొనిపోయినను ఉపనిధిని దాచినవాడు చెల్లింపనక్కఱలేదని ఆ పాతస్మృతి మినహాయించెను. క్రొత్త చట్టము దొంగల విషయమున ఆ సాకును ఒప్పుకొనదు. తగిన కాపుదల చేయక డేటా పోగొట్టుకొన్న సంస్థకు 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చును. ఇది మేలు. రాజు విషయమున మాత్రము పాత మినహాయింపే నిలిచినది: దేశభద్రత, శాంతిభద్రతల వంటి కారణములతో కేంద్రప్రభుత్వము తన సంస్థలలో దేనినైనను ఆ చట్టమునుండి తప్పింపగలదు. ఇది కీడు. ఇంతకంటె పెద్ద రంధ్రము మఱియొకటి కలదు. మనిషి తనంత తానుగా అందఱికి కనబడునట్లు పెట్టిన వివరమునకు ఆ చట్టమే వర్తింపదు. పెండ్లి ఫోటోను బంధుమిత్రులు చూడవలెనని ఫేస్‌బుక్కులో పెట్టినవాడు, ముఖములను గుర్తించు విద్యను దానితో యంత్రమునకు నేర్పుకొనుడని చెప్పినట్లా? అమెరికాలో క్లియర్‌వ్యూ యను సంస్థ అట్టి ఫోటోలను మూడువందల కోట్లకు పైగా పోగుచేసి, ఆ విద్యను పోలీసులకు అమ్ముచున్న సంగతి 2020లో వెల్లడియైనది గదా. స్టాంపుల వ్యాజ్యపు తీర్పు వెలువడిన దేశమున ఇట్టి మినహాయింపు నిలువదగినది కాదని నా అభిప్రాయము. పార్లమెంటు దీనిని సవరింపవలెను.

ఆ చట్టమునకు నియమములు 2025 నవంబరున వెలువడినవి. సంస్థల ముఖ్యబాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు నీయుటచే, అవి 2027 మే మాసమున గాని అమలులోనికి రావు. అంతవఱకు కాగితములు చూపునప్పుడు పేరును, నంబరును మూసి ఫోటో తీయుడు. ఇతరుల రహస్యమును వారినడుగక యంత్రమునకు చెప్పకుడు. సంభాషణలను శిక్షణకు వాడుకొను మీట యెచ్చటనున్నదో పిల్లలచేతనైన వెదకించి ఆర్పించుడు. గడువు తీరిన నాటినుండి, నోటీసును తెలుగులో చూపుమని ప్రతి సంస్థను అడుగుడు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను దానిని పొందు వీలు ఆ చట్టముననే కలదు.